చేతికి రెండో చర్మం

అరచేతిని అంటిపెట్టుకుని ఉండే పల్చటి తోలు... అదీ ఒక్క చేతికే. నాలుగు గంటల పాటు ఎండకు ఎండి, చెమటకు తడిసి, క్లబ్బు పిడికీ అరచేతికీ మధ్య నలిగిపోతుంది. ఆట అయ్యాక ఉండచుట్టి బ్యాగులో పడేస్తే మర్నాటికల్లా అప్పడంలా బిగుసుకుపోతుంది. గోల్ఫ్ గ్లౌజును ఆట కన్నా నిర్లక్ష్యమే ముందు పాడుచేస్తుంది. రోజూ అయిదు నిమిషాలు కేటాయిస్తే చాలు, అది ఎంతోకాలం మెత్తగా మాట వింటుంది.

2021 ఆగస్టు 7, శనివారం. తెల్లవారుజామునే లేచి టీవీల ముందు కూర్చున్న మనవాళ్లలో చాలామందికి గోల్ఫ్ గురించి పెద్దగా తెలియదు. బర్డీ అంటే ఏమిటో, బోగీ అంటే ఏమిటో పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటూనే ఊపిరి బిగబట్టి చూశారు. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకం కోసం పోరాడుతోంది. ఆమె బ్యాగు మోస్తున్నది వేరెవరో కాదు, కన్నతల్లి. నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడి అదితి 269 స్ట్రోకులతో ముగించింది. కాంస్యం దక్కించుకున్న న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో స్కోరు 268. అంటే తేడా ఒకే ఒక్క స్ట్రోకు! అదితికి నాలుగో స్థానం మిగిలింది.

ఆ రోజు పతకం చేజారడానికీ గ్లౌజుకూ ఏ సంబంధమూ లేదు. కానీ నాలుగు రోజుల కష్టం చివరికి ఒక్క స్ట్రోకు దగ్గర తేలిపోయే ఆట ఇదని మాత్రం ఆ ఉదయం అందరికీ అర్థమైంది. అలాంటి ఆటలో చేతిలోని క్లబ్బు వెంట్రుకవాసి తిరిగినా బంతి వెళ్లాల్సిన చోటికి కాకుండా చెట్లలోకి పోతుంది. ఆటగాడి బ్యాగులో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు. దూరాన్ని బట్టి అవి మారుతుంటాయి. వాటన్నిటికీ చేతికీ మధ్య మారకుండా ఉండేది గ్లౌజు ఒక్కటే. బ్యాగులోని తేలికైన వస్తువుల్లో అదొకటి. అందరూ అతి తేలిగ్గా తీసుకునేదీ దాన్నే!

ఒక్క చేతికే ఎందుకు?

గోల్ఫ్ చూసే కొత్తవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ రెండు చేతులకూ వేసుకుంటాడు. గోల్ఫర్ మాత్రం ఒక చేతికి వేసుకుని రెండోది వదిలేస్తాడేం?

కారణం చాలా సులువు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు క్లబ్బును పట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటాయి. పిడిని ప్రధానంగా పట్టి ఉంచేది పైనున్న ఎడమచెయ్యే. వేగంగా తిప్పినప్పుడు క్లబ్బు చేతిలోంచి జారిపోవాలని చూస్తుంది. బంతిని తాకగానే మెలితిరగాలని చూస్తుంది. ఆ ఒత్తిడంతా ఎడమ అరచేతి మీదా, చివరి మూడు వేళ్ల మీదా పడుతుంది. అందుకే ఆ చేతికి కవచం. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కుడిచేతికి వేసుకుంటారు. అమెరికా ఆటగాడు ఫిల్ మికెల్సన్ అన్ని పనులూ కుడిచేత్తోనే చేస్తాడు, గోల్ఫ్ మాత్రం ఎడమచేతి వాటంగా ఆడతాడు. చిన్నప్పుడు ఎదురుగా నిలబడిన తండ్రిని చూసి, అద్దంలో చూసినట్టు అనుకరించడంతో ఆ వాటం అబ్బింది. అందుకే ఆయన గ్లౌజు కుడిచేతికి ఉంటుంది.

బంతిని నెమ్మదిగా గుంతలోకి పంపే పుట్టింగ్ సమయంలో చాలామంది గ్లౌజు తీసేస్తారు. అక్కడ బలంతో పనిలేదు, వేళ్ల స్పర్శ ముఖ్యం. దిగ్గజ ఆటగాడు జాక్ నిక్లాస్ మాత్రం గ్లౌజు తీయకుండానే పుట్ చేసేవారు. 1992లో మాస్టర్స్ టోర్నీ గెలిచిన ఫ్రెడ్ కపుల్స్‌ది మరో దారి. ఆయన అసలు గ్లౌజే వేసుకోరు. 2009లో యూఎస్ ఓపెన్ గెలిచిన ల్యూకస్ గ్లోవర్‌దీ అదే పద్ధతి. ఇంటిపేరులో ‘గ్లోవ్’ ఉంది, చేతికి మాత్రం లేదు! వీళ్లకు పూర్తి భిన్నంగా టామీ గైనీ రెండు చేతులకూ వేసుకుంటాడు. దాంతో ‘టూ గ్లోవ్స్’ అన్నదే ఆయన మారుపేరైపోయింది.

గొంగడి గొర్రె కాదు...

మంచి గోల్ఫ్ గ్లౌజు మీద ‘కాబ్రెటా లెదర్’ అని రాసి ఉంటుంది. స్పానిష్ భాషలో మేకను ‘కాబ్రా’ అంటారు. ఆ పేరు విని మేకతోలు అనుకుంటే పొరపాటే. అది గొర్రెతోలు. కాకపోతే ఉన్ని గొర్రెది కాదు, వెంట్రుకల గొర్రెది.

ఈ తేడా మన పల్లెవాసులకు విడమరచి చెప్పక్కర్లేదు. తెలంగాణలో గొంగడి నేసేది దక్కని గొర్రెల ఉన్నితో. నెల్లూరు గొర్రెకు ఆ ఉన్ని ఉండదు. ఒంటి మీద పొట్టి వెంట్రుకలే ఉంటాయి. మనదేశంలోకెల్లా పొడవైన గొర్రెజాతిగా దానికి పేరుంది. తెల్లగా ఉంటే పల్ల, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, గోధుమరంగులో ఉంటే డోర అని పెంపకందారులు పిలుస్తారు. ప్రపంచంలో వేడి ప్రాంతాల్లో పెరిగే గొర్రెలు చాలావరకు ఇలా వెంట్రుకల జాతులే.

ఒత్తుగా ఉన్ని పెరిగే గొర్రె చర్మంలో ఉన్ని కుదుళ్లూ కొవ్వూ ఎక్కువ. దాంతో తోలు లోపల స్పాంజిలా వదులుగా ఉంటుంది. లాగితే పొరలు విడిపోతుంది. వెంట్రుకల గొర్రె చర్మంలో పోగులు దగ్గర దగ్గరగా, చిక్కగా అల్లుకుని ఉంటాయి. అందువల్ల ఎంత పల్చగా చేసినా గట్టిగానే ఉంటుంది. గోల్ఫ్ గ్లౌజు తోలు మందం అటూ ఇటూగా అర మిల్లీమీటరు. అంత పల్చగా ఉంటేనే క్లబ్బు పిడి వేళ్లకు తెలుస్తుంది. ఆ పల్చదనమే దాని గొప్పదనం, దాని బలహీనత కూడా. మందపాటి బూటుతోలు తట్టుకునే నిర్లక్ష్యాన్ని ఇది తట్టుకోలేదు.

ఇంగ్లండ్‌లోని యోవిల్ పట్టణం శతాబ్దాల పాటు గ్లౌజులకు ప్రసిద్ధి. అక్కడి ఫుట్‌బాల్ జట్టును నేటికీ ‘గ్లవర్స్’ అనే పిలుస్తారు. అంటే గ్లౌజులు కుట్టేవాళ్లని అర్థం. అదే ఊళ్లో 1826లో మొదలైన పిట్టార్డ్స్ కంపెనీ ఇథియోపియా నుంచి వెంట్రుకల గొర్రెల తోళ్లు తెప్పించి, గోల్ఫ్ గ్లౌజులకు మేలైన తోలు తయారుచేసేది. దాదాపు రెండు శతాబ్దాలు నడిచిన ఆ కంపెనీ 2023లో దివాలా తీసింది.

తోలు సంగతి వచ్చినప్పుడు తెలుగువాళ్లు తలచుకోవాల్సిన పేరొకటుంది. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు శాస్త్రంలో ప్రపంచస్థాయి నిపుణుడిగా ఎదిగారు. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. పచ్చితోళ్లను పచ్చిగానే ఎగుమతి చేసి ఊరుకోకుండా, ఇక్కడే మేలైన వస్తువులుగా మలిస్తే దేశానికీ చేతిపనివాళ్లకూ లాభమన్నది ఆయన తపన. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన కన్నుమూశారు.

అసలు శత్రువు చెమట

గ్లౌజు ఎందుకు గట్టిపడుతుందో అర్థం కావాలంటే తోలు లోపలికి ఒకసారి తొంగిచూడాలి. తోలంటే సన్నటి మాంసకృత్తుల పోగుల అల్లిక. ఆ పోగుల పేరు కొల్లాజెన్. పచ్చితోలును అలాగే ఎండబెడితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి డప్పుతోలులా బిగుస్తుంది. తడిస్తే కుళ్లిపోతుంది. అలా కాకుండా టానరీలో తోలును శుద్ధిచేసి, ఆ తర్వాత నూనెలు పట్టిస్తారు. ఆ నూనె పోగుపోగుకూ మధ్య చేరి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. తోలు మెత్తగా, సాగేలా ఉండటం వెనక రహస్యం ఇదే.

చెమట వచ్చి ఈ ఏర్పాటును చెడగొడుతుంది. చెమటలో నీటితోపాటు ఉప్పు, యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. గ్లౌజు ఆరేటప్పుడు నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం తోల్లోనే ఉండిపోతుంది. నల్లటి గ్లౌజు మీద తెల్లటి గీతలు కనిపించేది ఈ ఉప్పు వల్లే. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం... ప్రతిసారీ లోపలి నూనె కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది. దీనికి వేడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తడి గ్లౌజును ఎండలో ఆరేసినా, మే నెలలో కారు డిక్కీలో వదిలేసినా ఒక్కరోజులోనే బిగుసుకుపోతుంది. మర్నాడు బలవంతంగా వేళ్లు దూర్చితే కుట్లు పటపటమంటాయి.

వేడితో ఒక బాధయితే తేమతో ఇంకొకటి. వానాకాలంలో బీరువాలో దాచిన తోలు బెల్టు మీద, బూట్ల మీద తెల్లటి బూజు పట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. తడి ఆరకుండా మూట కట్టిన గ్లౌజుకూ అదే గతి. పైగా దానికి చెమట కంపు అదనం.

గట్టిపడ్డ గ్లౌజుతో పోయేది డబ్బొక్కటే కాదు. గరుకుతనం పోయి నున్నబడిన తోలు పిడి మీద జారుతుంది. జారుతుందన్న అనుమానం రాగానే ఆటగాడు తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకుంటాడు. పిచ్చుకపిల్లను పట్టుకున్నంత సుతారంగా పట్టాలని కోచ్‌లు చెప్పే క్లబ్బును పిడికిలి బిగించి పట్టుకుంటే ముంజేయి బిర్రబిగుసుకుంటుంది. స్వింగ్ దెబ్బతింటుంది. అరచేతిలో బొబ్బలొస్తాయి. ఆట నేర్చుకుంటున్న పిల్లలైతే ఆ తప్పుడు పట్టుకే అలవాటుపడిపోతారు. దాన్ని మాన్పించడం కొత్త గ్లౌజు కొన్నంత తేలిక కాదు.

ఆట మధ్యలోనే సగం పని

గ్లౌజు సంరక్షణ ఇంటికొచ్చాక మొదలయ్యేది కాదు. మైదానంలో ఉన్నప్పుడే సగం పని అయిపోవాలి. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయాఖిల్లా పక్కన మైదానం ఉంది. గచ్చిబౌలి వైపు మరొకటి ఉంది. ఇలాంటి చోట్ల ఎండాకాలం పొద్దున్నే ఆట మొదలుపెట్టినా తొమ్మిది దాటేసరికి చేతులు చెమటతో తడిసిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు కొన్ని చిన్నచిన్న అలవాట్లు చేసుకుంటారు.

మొదటిది, చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే గ్లౌజు వేసుకోవడం. సన్‌స్క్రీన్ రాసుకున్న చెయ్యి, సమోసా తిన్న చెయ్యి అలాగే దూర్చేస్తే ఆ జిడ్డంతా తోలుకు పట్టేస్తుంది. రెండోది, షాటు షాటుకూ మధ్య దాన్ని తీసేయడం. బంతి దగ్గరికి నడిచే అయిదు నిమిషాలు చేతికీ గ్లౌజుకూ గాలి తగులుతుంది. తీసినదాన్ని ప్యాంటు వెనక జేబులో కుక్కేవాళ్లు చాలామంది. అక్కడ మళ్లీ చెమటే! అలా కాకుండా బ్యాగుకు తగిలిస్తే నడుస్తుండగానే ఆరిపోతుంది.

మూడోది, తీసే పద్ధతి. ఒక వేలు కొస పట్టి లాగేస్తే ఆ వేలు సాగుతుంది, కుట్టు తెగుతుంది. ముందు వెల్‌క్రో పట్టీ విప్పాలి. తర్వాత ఒక్కో వేలు కొసనూ కొద్దికొద్దిగా వదులు చేసి, అప్పుడు మొత్తం తీయాలి. నాలుగోది, ఒకటికి బదులు రెండు మూడు గ్లౌజులు మార్చి మార్చి వాడటం. ఒక్కటే రోజూ వాడితే ఆరడానికి వ్యవధి ఉండదు. రెండు కొని మార్చి వాడుకుంటే, ఒకదాని తర్వాత ఒకటి కొని వాడినదానికన్నా ఎక్కువ కాలం వస్తాయి. పేరున్న ప్రొఫెషనల్స్ ఒక్క రౌండులోనే రెండు మూడు మార్చేస్తారు. వాళ్లకు కంపెనీలే ఇస్తాయి. మిగతావాళ్లకు పొదుపే మార్గం.

ఉతకాలా, తుడవాలా?

ఆట ముగిసింది. గ్లౌజు తడిగా ఉంది. ఇప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. పొడి టవల్‌తో లోపలా బయటా అద్ది తడి తీసేయాలి. వేళ్లను ఒక్కొక్కటిగా చక్కగా సాగదీసి, ముడతలు లేకుండా పరిచి, నీడలో గాలికి ఉంచాలి. ఫ్యాను గాలి చాలు. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. పూర్తిగా ఆరిపోయాక వెల్‌క్రో అతికించి, కొన్నప్పుడు వచ్చిన కవరులో అట్టముక్క మీద బల్లపరుపుగా పెట్టాలి. ఆ కవరునూ అట్టనూ కొన్నరోజే చెత్తబుట్టలో వేసేవాళ్లు ఎక్కువ. నిజానికి అదే దాని పడకగది. తోలు మరీ ఎండిపోకుండా, ముడత పడకుండా కాపాడేది అదే. అయితే ఒక్క షరతు. తడి ఆరకుండా మాత్రం కవరులో పెట్టకూడదు. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాన్ని బ్యాగు అరలో వేస్తే వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది. చిన్నపిల్లల చేతికి అందకుండా చూసుకోవాలి.

రోజువారీ మురికికి తడిగుడ్డ చాలు. శుభ్రమైన మెత్తటి గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి గట్టిగా పిండి, గ్లౌజు మీద తేలిగ్గా తుడవాలి. తెల్లటి గ్లౌజయితే గుడ్డ కూడా తెల్లదే తీసుకోవాలి. లేకపోతే రంగు అంటుకుంటుంది.

మురికి బాగా పట్టి, తుడిస్తే పోని పరిస్థితి వస్తే కడగక తప్పదు. ముందుగా లోపలి లేబుల్ చదవాలి. కడగవద్దని రాసి ఉంటే తుడుపుతోనే సరిపెట్టుకోవాలి. అలా లేకపోతే గ్లౌజును చేతికి తొడుక్కోవాలి. అవును, చేతికి వేసుకునే కడగాలి! అప్పుడే ఆకారం చెడదు. చల్లటి నీళ్లతో కొద్దిగా తడిపి, తోలు వస్తువుల కోసం అమ్మే సబ్బును చిటికెడంత తీసుకుని రెండో చేతి వేళ్లతో మెల్లగా రుద్దాలి. మురికి ఎక్కువగా చేరేది బొటనవేలి మొదట్లో, అరచేతి మడమ దగ్గర. అక్కడ ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. తడిగుడ్డతో సబ్బు ఆనవాలు లేకుండా తుడిచేయాలి. బకెట్లో నానబెట్టడం, గుడ్డ పిండినట్టు పిండటం మాత్రం వద్దు.

తర్వాత గ్లౌజును టవల్ మధ్యలో పెట్టి అరచేత్తో అదమాలి. నీడలో ఆరనివ్వాలి. ఇంకా కాస్త తడి ఉండగానే, అంటే ముప్పాతిక వంతు ఆరినప్పుడు, మళ్లీ చేతికి తొడుక్కుని పిడికిలి మూస్తూ తెరుస్తూ రెండు నిమిషాలు ఉండాలి. అతుక్కోబోతున్న పోగులు విడివడతాయి, వేళ్ల ఆకారం నిలుస్తుంది. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. అప్పటికీ గరుగ్గా అనిపిస్తే లెదర్ కండిషనర్‌ను గుడ్డ మీద ఒక్క చుక్క వేసుకుని పైపైన పట్టించొచ్చు. అదే చేత్తో రెండో చుక్క వేస్తే మాత్రం గ్లౌజు జారుడుబండే.

అదే సింథటిక్ గ్లౌజయితే ఇంత తంటా లేదు. చల్లటి నీళ్లు, తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేస్తే సరిపోతుంది. బట్టలకు వాడే కండిషనరు, బ్లీచింగు మాత్రం దీనికీ పనికిరావు. వాన కోసం ప్రత్యేకంగా చేసే గ్లౌజులు తడిసేకొద్దీ పట్టు పెంచుకుంటాయి. అందుకే గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో వానాకాలానికి ఒక జత బ్యాగులో పెట్టుకుంటే తోలు గ్లౌజుకు విశ్రాంతి దొరుకుతుంది. వెల్‌క్రోలో చిక్కుకున్న దారప్పోగులనూ గడ్డినీ పాత టూత్‌బ్రష్‌తో దువ్వేస్తే పట్టీ మళ్లీ కొత్తదానిలా అతుక్కుంటుంది.

ఇంటి వైద్యం వద్దు

మన ఇళ్లలో ప్రతిదానికీ ఒక చిట్కా ఉంటుంది. గ్లౌజు విషయంలో మాత్రం వాటికి దూరంగా ఉండటమే మేలు. గట్టిపడిందని కొబ్బరినూనె రాస్తే మెత్తబడినట్టే ఉంటుంది. కానీ మచ్చలు పడతాయి, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, అన్నిటికీ మించి క్లబ్బు జారుతుంది. బట్టల సబ్బు, డిటర్జెంటు పొడి క్షార గుణం కలవి. శుద్ధిచేసిన తోలుకు ఆమ్ల గుణం ఉంటుంది. రెండూ పొసగవు. మురికితోపాటు లోపలి నూనె కూడా పోతుంది. తెల్లబడుతుందని నిమ్మరసం పిండటం, వేడినీళ్లలో ముంచడం, ఇస్త్రీపెట్టె పెట్టడం అన్నీ గ్లౌజును చంపే పనులే. వాషింగ్ మెషిన్ సంగతి చెప్పక్కర్లేదు.

చిరుగు చెప్పే సంగతులు

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా గ్లౌజు ఏదో ఒకరోజు చిరుగుతుంది. ఎక్కడ చిరిగిందన్నది మాత్రం గమనించాలి. డాక్టరు నాలుక చూసి రోగం చెప్పినట్టు, కోచ్ గ్లౌజు చూసి ఆట చెప్పేస్తాడు.

అరచేతి మడమ దగ్గర, అంటే చిటికెనవేలి వైపు కిందిభాగంలో చిల్లు పడితే, క్లబ్బును వేళ్లతో కాకుండా అరచేత్తో పట్టుకుంటున్నారని అనుమానించాలి. స్వింగ్ చేసినప్పుడల్లా పిడి కొస అక్కడ రాసుకుంటుంది. బొటనవేలు దగ్గర త్వరగా అరిగితే ఆ వేలితో అతిగా నొక్కుతున్నట్టు. అన్నిచోట్లా సమానంగా, నెమ్మదిగా అరుగుతుంటే పట్టు బాగుందనే అర్థం.

సైజు తప్పినా చిరుగుతుంది. వదులుగా ఉన్న గ్లౌజు చేతి మీద కదులుతూ మడతలు పడి అరుగుతుంది. వేలి కొసల దగ్గర ఖాళీ ఉండకూడదు. వెల్‌క్రో పట్టీ చివరిదాకా వెళ్లి అతుక్కుంటే గ్లౌజు పెద్దదైనట్టే. వాడేకొద్దీ తోలు సాగుతుంది కాబట్టి కొత్తలో కాస్త బిగువుగా ఉండి, పట్టీ దాని చోటులో ముప్పాతిక వంతు దాకా వస్తే సరిగ్గా సరిపోయినట్టు. ఎదిగే పిల్లలకు మనం బట్టలూ బూట్లూ ఒక సైజు పెద్దవి కొంటాం. గ్లౌజు దగ్గర ఆ లెక్క పనికిరాదు.

ఇంకో దోషి కూడా ఉంది. అది క్లబ్బు పిడి! దాని మీది రబ్బరు మట్టి, చెమట పట్టి గట్టిపడితే నున్నగా మారి జారుతుంది. మరికొన్నిచోట్ల గరుకు కాగితంలా గ్లౌజును కోస్తుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో పిడిని రుద్ది, శుభ్రమైన నీటితో తుడిచి ఆరబెడితే పట్టు తిరిగొస్తుంది. నీళ్లు పిడికి పెట్టాలి తప్ప గ్లౌజుకు కాదు. గ్లౌజు ఎంత శుభ్రంగా ఉన్నా, పిడి మురికిగా ఉంటే చేసిన పనంతా వృథా.

క్రికెట్ పిల్లలున్న ఇంట్లో...

గోల్ఫ్ ఆడేవాళ్లు లేని ఇంట్లో కూడా ఈ సూత్రాలు పనికొస్తాయి. ఎండాకాలం శిబిరానికి వెళ్లే పిల్లాడి బ్యాటింగ్ గ్లౌజుల అరచేతి వైపు ఉండేది కూడా సాధారణంగా పల్చటి గొర్రెతోలే. చెమటకు తడిసినవాటిని కిట్ బ్యాగులో కుక్కి జిప్ వేస్తే మర్నాడు సాయంత్రానికి కంపు కొడుతూ గట్టిపడి ఉంటాయి. ఇంటికి రాగానే బయటికి తీసి, అరచేతి వైపు గాలి తగిలేలా నీడలో ఉంచాలి. లోపల పల్చటి నూలు గ్లౌజులు వేసుకుంటే చెమటను అవి పీల్చుకుంటాయి. వాటిని రోజూ ఉతుక్కోవచ్చు. వికెట్ కీపింగ్ గ్లౌజులకూ, మోటార్ సైకిల్ మీద వేసుకునే తోలు గ్లౌజులకూ ఇదే వరస.

పిన్నీసు, బేబీ ఆయిల్

ఆటవస్తువుల మీద ఇంత శ్రద్ధ అవసరమా అనిపించొచ్చు. దానికి జవాబుగా ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో పెరిగిన భారత సంతతి ఆటగాడు ఆరన్ రాయ్‌ని చూపించాలి. మధ్యతరగతి కన్నా కిందిస్థాయి కుటుంబం. అయినా చిన్నారి కొడుకు ఆట మీద నమ్మకంతో తండ్రి ఎనిమిదేళ్ల వయసులోపే ఖరీదైన క్లబ్బుల సెట్ కొనిపెట్టాడు. సాధన ముగిశాక కొడుకును కూర్చోబెట్టి, తాను పిన్నీసు, బేబీ ఆయిల్ పట్టుకుని క్లబ్బు ముఖం మీది ఒక్కో గీతలోని మట్టినీ తీసేవాడు. గీతలు పడకుండా ప్రతి క్లబ్బుకూ తొడుగు వేసేవాడు. పెద్ద ప్రొఫెషనల్స్ ఎవరూ ఇనుప క్లబ్బులకు తొడుగులు వేయరు. ఆరన్ మాత్రం ఇప్పటికీ వేస్తాడు. వాటి విలువ మరిచిపోకుండా ఉండటానికేనని చెబుతాడు.

గ్లౌజుల విషయంలోనూ ఆయనది ప్రత్యేకమే. ఎనిమిదేళ్లప్పుడు వానలో వాడే గ్లౌజులు తయారుచేసే వ్యక్తి ఒక జత ఇచ్చాడు. కొన్నివారాలు రెండు చేతులకూ వేసుకుని ఆడాడు. ఒకరోజు తండ్రి ఆ జతను బ్యాగులో పెట్టడం మరిచిపోయాడు. ఒక్క గ్లౌజుతో ఆడితే ఆట ఏమాత్రం కుదర్లేదు. అప్పట్నుంచి రెండు గ్లౌజులే. ఆ రెండు చేతులతోనే 2020లో స్కాటిష్ ఓపెన్, 2024లో అమెరికాలో విండమ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

మన దేశంలోనూ గోల్ఫ్ ధనవంతుల మైదానాల్లోనే పెరిగినా, దాని వీరుల్లో చాలామంది ఆ మైదానాల్లో పనిచేసిన కుటుంబాల నుంచే వచ్చారు. 1991లో, 1993లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఒకప్పుడు ఢిల్లీలో బ్యాగులు మోసిన క్యాడీ. 2009లో అదే టైటిల్ గెలిచిన బెంగళూరు చిన్నస్వామి మునియప్ప కూడా క్యాడీగా మొదలైనవాడే. 2016లో, 2017లో వరుసగా గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కోల్‌కతాలో గోల్ఫ్ మైదానం గడ్డిని చూసుకునే ఉద్యోగి. వస్తువు విలువ ఇలాంటి ఇళ్లలో ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు. ఒక గ్లౌజు పాడైతే మరొకటి అందేదాకా వట్టి చేత్తోనే ఆడాలని తెలిస్తే, దాన్ని ఎవరూ ఉండచుట్టి పడేయరు.

గోల్ఫ్ గ్లౌజు ధర వందల రూపాయల నుంచి వేలదాకా ఉంటుంది. దాని వెనక ఎక్కడో ఎండలో మేసిన ఒక గొర్రె ఉంది, తోలును మెత్తబరిచిన టానరీ కార్మికుడున్నాడు, ఒక్కో వేలునూ మలిచి కుట్టిన చెయ్యి ఉంది. ఇంటికి రాగానే చెప్పులు గుమ్మం దగ్గర విడవడం ఎలాగో, బ్యాగులోంచి గ్లౌజు తీసి నీడలో పరచడం అలాగే అలవాటైపోవాలి. పట్టేది అయిదు నిమిషాలే. ఆడింది అబ్బాయైతే ఆ అయిదు నిమిషాల పని అమ్మకు కాకుండా అబ్బాయికే అప్పజెప్పాలి. క్లబ్బును సుతారంగా పట్టుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది!